సినిమా ఘటోత్కచుడు, భారతంలో ఘటోత్కచుడు ఒకరేనా?

మీ ప్రశ్న ఇది: మాయాబజార్ చూసి పెరిగినవాళ్లకు భీముడి కొడుకు ఘటోత్కచుడంటే తమ్ముడు అభిమన్యుడి పెళ్లి కోసం ద్వారకనే తలకిందులు చేసిన అన్న. వ్యాసభారతంలో ఆయన ఒట్టి క్రూర రాక్షసుడని, అభిమానులు చెప్పుకునేదంతా కల్పనేనని మీ స్నేహితుడొకరు మీతో వాదించారు. ఎవరిది నిజం?

మా అపార్ట్‌మెంట్ పిల్లలకు ఆదివారాలు భారతం కథలు చెబుతుంటాను. ఘటోత్కచుడి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఈ చర్చ తప్పదు. అందుకే ఆయన కనిపించే ఘట్టాలన్నీ వరసగా చదివాను.

బలరాముడి కూతురు శశిరేఖతో అభిమన్యుడి పెళ్లి వ్యాసుడిలో లేదు. అక్కడ అభిమన్యుడి భార్య ఉత్తర ఒక్కతే. శశిరేఖ కథ జనం చెప్పుకున్నది, రంగస్థలం మీద ఆడింది; 1957లో కె.వి.రెడ్డి సినిమాతో ఇంటింటికీ చేరింది. ఎస్.వి.రంగారావు ఆ పాత్రకిచ్చిన రూపం తర్వాత మరో ఘటోత్కచుణ్ణి ఊహించుకోవడం మనకు కష్టమే. అంతవరకు మీ స్నేహితుడి మాట సరైనదే.

కానీ 'ఒట్టి క్రూర రాక్షసుడు' అన్న మాట మూలం చదివినవాళ్లు అనేది కాదు. ఆదిపర్వంలో కుంతి ఆయన్ని పాండవులు ఐదుగురికీ పెద్దకొడుకువి అంటుంది, తోడుండమని అడుగుతుంది. పని పడినప్పుడు వస్తానని చెప్పి ఆయన ఉత్తరదిక్కుకు వెళ్లిపోతాడు. అరణ్యపర్వంలో గంధమాదనం దారిలో ద్రౌపది సొమ్మసిల్లి పడిపోతే భీముడు తలుచుకోగానే వస్తాడు. ద్రౌపదిని తానే ఎత్తుకుంటాడు. పాండవులనూ వెంట ఉన్న బ్రాహ్మణులనూ ఆయన తోటి రాక్షసులు మోసుకుపోతారు. పిలిస్తే వచ్చి ఇంటివాళ్ల కష్టం మోసే కొడుకు వ్యాసుడిలోనే ఉన్నాడు. శశిరేఖ కథ కట్టినవాళ్లు ఆ మాటనే పట్టుకుని ఇంకో పిలుపును ఊహించారని నా నమ్మకం.

అసలు చిక్కంతా ద్రోణపర్వంలో ఉంది. పద్నాలుగో రోజు యుద్ధం రాత్రి కూడా సాగుతుంది. ఘటోత్కచుడి మాయకు కౌరవసేన చెల్లాచెదరవుతుంది. అర్జునుడి కోసం దాచుకున్న ఇంద్రశక్తిని కర్ణుడు గత్యంతరం లేక ఆయన మీద విసురుతాడు. ఒక్కసారికే పనికొచ్చే ఆయుధం అది. ప్రాణం పోతూ కూడా ఘటోత్కచుడు ఒళ్లు పెంచి శత్రుసేన మీద పడతాడు. పాండవులంతా ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషంతో గంతులేస్తాడు. అర్జునుడికి ముప్పు తప్పిందన్నది ఒక కారణం. అంతటితో ఆగకుండా, వీడు బ్రాహ్మణద్వేషి, యజ్ఞద్వేషి, కర్ణుడు చంపకపోతే నేనే చంపాల్సి వచ్చేది అంటాడు.

బ్రాహ్మణులను కొండలు దాటించినవాడి గురించి ఈ మాట! ఇది చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. సినిమాలో కృష్ణుడు, ఘటోత్కచుడు కలిసి ఆడిన నాటకం గుర్తున్నవాళ్లకు ఇంకా కష్టం. అయితే వ్యాసుడు అక్కడితో వదిలెయ్యలేదు. ఆ వెంటనే ధర్మరాజు దుఃఖిస్తూ అడవిలో ఆయన చేసిన సాయమంతా తలుచుకుంటాడు, సహదేవుడి మీద ఉన్న ప్రేమకు రెట్టింపు ప్రేమ ఈ రాక్షసుడి మీద ఉందంటాడు. ఒకే చావు మీద రెండు మాటలూ మూలంలోనే ఉన్నాయి. మన అభిమానులు ధర్మరాజు మాటను పట్టుకున్నారు. మీ స్నేహితుడు కృష్ణుడి మాటను పట్టుకున్నాడు. నేను ధర్మరాజు వైపే.

అలాగని అభిమానంతో ఏదైనా అనొచ్చని కాదు. 'భారతంలో ఉంది' అంటూ ఘటోత్కచుడి కొడుకుగా బర్బరీకుడి కథ చెప్పేవాళ్లు చాలామంది కనిపిస్తారు. అది స్కాందపురాణంలోది. ద్రోణపర్వంలో కనిపించే ఘటోత్కచుడి కొడుకు అంజనపర్వుడు, అశ్వత్థామ చేతిలో పోతాడు. ఆ పేరు ఎవరికీ గుర్తుండదు, పాపం.

కృష్ణుడు గంతులేసిన ఘట్టం పిల్లలకు వద్దని కొందరు పెద్దలు నాతో అన్నారు. నేను మానలేదు. శశిరేఖ కథ చెప్పేటప్పుడు 'ఇది మనవాళ్లు కట్టుకున్న కథ' అని ముందే చెబుతాను. పిల్లలకు దాని మీద ఇష్టం కాస్త కూడా తగ్గదు. మీరు కూడా మీ స్నేహితుడితో కలిసి ద్రోణపర్వంలో ఘటోత్కచవధ నుంచి ధర్మరాజు విలాపం దాకా ఏదైనా వచనానువాదంలో చదవండి, ఆ తర్వాత వాదించుకోండి.