నాటాలు వెళ్ళిన పెద్దాయన్ని వెతకాలంటే

చిరంజీవికి ఆశీస్సులు.

మీ ముత్తాతగారి అన్న ఒప్పందం కూలీగా నాటాలు (ఇప్పటి దక్షిణాఫ్రికాలోని ఒకప్పటి బ్రిటిషు వలస) వెళ్ళి తిరిగి రాలేదనీ, ఆయన కథ రాయాలనుందనీ రాశావు. ఇంటిపేరుతో వెతికితే ఏమీ దొరకలేదన్నావు. దొరకదు. కూలీల పేర్లు రాసిన ఓడ జాబితాలో ఇంటిపేరుకు గడే లేదు. కలోనియల్ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు లాంటివే ఉంటాయి.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి కూలీల మొదటి ఓడ ‘ట్రూరో’ నాటాలు రేవు డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా దిగిన 1,52,184 మందికీ తలకో కలోనియల్ నంబరు ఇచ్చారు. నీకు కావలసింది అదే. డర్బన్‌లోని గాంధీ-లుతూలీ డాక్యుమెంటేషన్ సెంటర్ ఈ జాబితాలను ఇంటర్నెట్‌లోకి ఎక్కించింది.

ముందు ఊరి పేరుతో, తండ్రి పేరుతో వడకట్టు. సొంత పేరుతో ఆఖరికి వెతుకు. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నాడు కనుక అప్పన్న, సన్యాసి, పైడయ్య లాంటి పేర్లకు నాలుగైదు రకాల స్పెల్లింగులు వేసి చూడాలి. వయసు అంచనాయే, అయిదేళ్ళు అటూ ఇటూ వదులు. ‘నాయుడు’ అని కనబడగానే కులం తేల్చేయకు, ఆ బిరుదు చాలా కులాలవారు పెట్టుకున్నారు.

ఊళ్ళ విషయంలోనే ఎక్కువమంది దారి తప్పుతారు. చికకోల్ అంటే శ్రీకాకుళం, బిమ్లిపటం అంటే భీమునిపట్నం. శ్రీకాకుళం, టెక్కలి ప్రాంతాలు 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేవి. జాబితాలో ‘గంజాం’ చూసి ఇప్పటి ఒడిశాలో వెతికితే కాళ్ళరగడమే మిగులుతుంది.

ఇంట్లో ముసలివాళ్ళు ఇంగ్లీషు సంవత్సరం చెప్పరు. ‘ధాత కరువులో పోయాడు’ అంటే 1876-77. ఆ పేరు అరవై ఏళ్ళకోసారి మళ్ళీ వస్తుంది కాబట్టి 1936 ధాతతో కలపకు. 1866 తర్వాత 1874 దాకా నాటాలుకు కూలీల ఓడలు ఆగిపోయాయి. ఆ మధ్య వెళ్ళాడని ఎవరైనా అంటే మారిషస్, బర్మా కూడా చూడాలి.

నంబరు దొరికాక నాటాలులోని పీటర్‌మారిట్స్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో (పాత సర్కారు కాగితాల భాండాగారంలో) చనిపోయినవారి ఆస్తి ఫైళ్ళు అడుగు. వాటిలోని మరణ నోటీసులో తల్లిదండ్రులు, భార్య, పిల్లల పేర్లుంటాయి. ఒప్పందం తీరాక కాస్త ఆస్తి కూడబెట్టినవారికే ఈ ఫైలు ఉంటుంది సుమా. పిల్లల ఇంటిపేరు మీది కాకపోతే కంగారు పడకు, అక్కడ తండ్రి పేరో, నాయుడో ఇంటిపేరై కూర్చుంది.

ఇటు మన వైపు, జమీందారీ గ్రామమైతే రైతువారీ సెటిల్‌మెంటు రిజిస్టర్లు (భూమి, పన్ను, రైతు పేరు రాసే సర్కారు పుస్తకాలు) పాతవి ఉండవు, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే మొదలవుతాయి. ఇనాం భూమి ఉన్న కుటుంబమైతే 1860ల ఇనాం ఫెయిర్ రిజిస్టరు (ఇనాం భూములు ఎవరివో తేల్చి రాసిన పుస్తకం) చూడు, అది బంగారం లాంటిది. వంశాలు చెప్పే పిచ్చిగుంట్లవాళ్ళు ఇంకా మీ వైపు తిరుగుతుంటే రికార్డు చేసుకో. గోత్రం, ఇంటిపేర్లు వాళ్ళ నోట దొరుకుతాయి, తేదీలు మాత్రం నమ్మకు.

రాతలో ఒక్క పట్టుదల ఉంచుకో. ‘మోసపోయి ఓడెక్కాడు’ అని రాయాలని చెయ్యి లాగుతుంది. జాబితా ఆ మాట చెప్పదు. ఇంట్లో చెప్పుకునే మాటైతే ‘ఇంట్లో చెప్పుకుంటారు’ అనే రాయి. ప్రతి వాక్యం పక్కన మార్జిన్‌లో అది ఏ కాగితం నుంచి వచ్చిందో పెన్సిల్‌తో వేసుకో. ఏమీ వేయలేని వాక్యాలు పేజీకి రెండు మూడు దాటితే మొదటి ప్రతి నాకు పంపకు, ఇంకా వెతుకు.