మాఘమాసపు పెళ్లికి మేనకోడలికి ఒక ఉత్తరం

చిట్టీ,

మాఘంలో నీ పెళ్లి అని మీ నాన్న ఫోనులో చెప్పగానే కళ్లు చెమర్చాయి. మండపం పూలకే రెండున్నర లక్షలు అనేసరికి ఆ తడి కాస్తా ఆరిపోయింది. ఏర్పాట్లన్నీ మీరిద్దరే చూసుకుంటున్నారట. సంతోషమే. అడగలేదని అలిగే వయసు దాటిపోయింది కాబట్టి అడగకుండానే చెబుతున్నాను.

కాపురానికి వచ్చింది మొదలు కడియపులంక పూల మార్కెట్టు పక్కనే ఉన్నదాన్ని, పూల సంగతి నాకు తెలియనిది కాదు. మండపమంతా మల్లెలే కావాలన్నావట. మల్లె వేసవి పువ్వు తల్లీ. చలికాలం మంచుకు మొగ్గ సరిగా పట్టదు. ఆ రోజుల్లో మధురైలోనే మల్లె ధర కొండెక్కి కూర్చుంటుంది, ఇక మనదాకా వచ్చేసరికి ఎంతవుతుందో నువ్వే ఊహించుకో. జడలోకి రెండు మూరలు తెప్పించుకో, చాలు. మండపానికి చేమంతి, బంతి పెట్టించు, వాటికి అదే అదును. కనకాంబరానికి వాసన లేదని చిన్నచూపు చూడకు. బరువుండదు, తొందరగా వాడదు, పూలజడకు అంతకన్నా ఏం కావాలి? గుమ్మానికి మామిడి తోరణం, అరటి చెట్లు ఎలాగూ ఉంటాయి. ప్లాస్టిక్ పూలు మాత్రం నా కంట పడనివ్వకు.

ముహూర్తం అర్ధరాత్రి దాటాక కదా. అలంకరణ వాళ్లు పొద్దున్నే వచ్చి కట్టిపోతామంటారు, సాయంత్రం ఇంకో పెళ్లి ఒప్పుకుని ఉంటారు మరి. ఒప్పుకోకు. పొద్దున కట్టిన గులాబీలు చీకటి పడేలోపే తల వాలుస్తాయి. మధ్యాహ్నం దాటాక మొదలుపెట్టాలని బయానా ఇచ్చేటప్పుడే కాగితం మీద రాయించుకో. దండలు సాయంత్రం తెప్పించి, తడిగుడ్డ కప్పి, అరటాకుల మీద నీడన పెట్టించు. వేసుకునే ముందు నీళ్లు విదిలించాలి. లేకపోతే గులాబీ రంగు మధుపర్కాల మీదికి దిగుతుంది, ఆ మరక పోదు.

ఇంకొకటి. దండ గడ్డం దాటి పైకి రాకూడదు. ఎందుకో తెలియాలంటే మీ చిన్నత్త సంగతి చెప్పాలి.

దాని పెళ్లి నాటికి రిజిస్ట్రేషను మాట ఎత్తితే దాని మామగారు నవ్వారు. "ఊరంతా భోంచేసి వెళ్లిన పెళ్లికి సర్కారు సాక్ష్యం దేనికమ్మా?" అన్నారు. మంచి మనిషే, కానీ ఆ మాటే కొంప ముంచింది. మీ చిన్నమామయ్య ప్రభుత్వోద్యోగి. సర్వీసు పుస్తకంలో భార్య పేరు రాయించలేదు, బీమాలో నామినీగా పెళ్లికి ముందు రాసిన తల్లి పేరే ఉండిపోయింది. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటుండగానే ఆయన గుండె ఆగిపోయింది. పిల్లలు లేరు. తల్లి అప్పటికే కాలం చేసింది. నువ్వు ఆయన భార్యవని రుజువేమిటని ఆఫీసులో అడిగారు.

శుభలేఖ తీసుకెళ్లాం. అందులో "బుజ్జిబాబు" అని ఉంది, ఆయన అసలు పేరే లేదు. పురోహితుడు పోయి చాలా కాలమైంది. ఆల్బమ్ చంకన పెట్టుకుని నేనే వెంట వెళ్లాను. గుమాస్తా పేజీలన్నీ తిప్పి, ఒక ఫొటో మీద వేలు పెట్టి, "ఇందులో దండలే ఉన్నాయి, మనిషేడమ్మా?" అన్నాడు. నిజమే. నుదుటిన బాసికం, ముక్కు దాకా పూలు. మీ చిన్నత్త కాసేపు చూసి, పెళ్లికొడుకు మణికట్టు చూపించి, "ఈ వాచీ మా నాన్న పెట్టింది" అంది. గుమాస్తా తల దించుకున్నాడు కానీ కాగితం మీద వాచీ చెల్లదు కదా. అఫిడవిట్లు, సాక్షులు, తహసీల్దారు కార్యాలయం చుట్టూ ప్రదక్షిణలు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం చేతికొచ్చేసరికి దాని చెవులకు బంగారం లేదు.

శుభమా అని పెళ్లి చేసుకుంటుంటే అత్త ఈ మాటలేమిటని కోపం తెచ్చుకోకు. నా భయం నాది. ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే పెళ్లి నమోదు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది, అయినా ఇంకా వాయిదా వేసేవాళ్లే ఎక్కువ. పదహారు రోజుల పండగ అయ్యాక సబ్‌రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్లండి. శుభలేఖ, పెళ్లి ఫొటో, ఇద్దరి వయసు, చిరునామా రుజువులు, ముగ్గురు సాక్షులు కావాలి. సాక్షుల్లో నేనొకతెను, బస్సెక్కి వస్తాను. తాళి కట్టాక దండలు కాస్త కిందికి జరుపుకుని ఇద్దరి ముఖాలూ స్పష్టంగా పడేలా ఒక ఫొటో తీయించుకోండి. పీఎఫ్‌లో పెళ్లికి ముందు రాసిన నామినేషను పెళ్లితో చెల్లకుండా పోతుంది, ఇద్దరూ కొత్తగా రాయండి. బ్యాంకు, బీమా కూడా అప్పుడే సరిచేసుకోండి. ఇంటిపేరు మార్చుకుంటావో లేదో నీ ఇష్టం, కానీ మార్చుకుంటే అన్ని కాగితాల్లోనూ మార్చు, సగంలో వదిలేయకు.

చదివింపుల పుస్తకం జాగ్రత్త. రేపు చదివించినవాళ్ల ఇంట్లో శుభకార్యానికి మీ అమ్మ దాన్ని తిరగేయాల్సిందే.

శుభలేఖలో మీ ఇద్దరి పేర్లూ పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. అచ్చుకు ఇచ్చేముందు నాకు వాట్సాప్‌లో పంపు. మీ నాన్న చూశాడంటే కుదరదు. తన పెళ్లి శుభలేఖలో సొంత ఇంటిపేరు తప్పు పడితేనే చూసుకోలేదు వాడు.

ఆశీస్సులతో,
మీ పెద్దత్త