బస్సే పడని అమ్మకు ఓడ ప్రయాణం పడుతుందా? - సమాధానం

తమ్ముడూ, బస్సెక్కితేనే వాంతులయ్యే అమ్మగారిని విశాఖ నుంచి చెన్నై క్రూజ్‌కి తీసుకెళ్లొచ్చా అని అడిగావు. నిక్షేపంగా తీసుకెళ్లు. గది ఎంపికే ముఖ్యం. పై అంతస్తులో బాల్కనీ గది అని ఏజెంట్లు ఊరిస్తారు, వద్దు. పైన, ఓడ రెండు చివర్లలో ఊపు ఎక్కువ. కింది డెక్‌లో (అంతస్తులో), సరిగ్గా ఓడ మధ్యలో గది అడుగు. కిటికీ లేనిదైతే ధరా తగ్గుతుంది. డాక్టర్ని అడిగి వాంతుల మాత్ర ఓడ ఎక్కకముందే వేయించు. వికారం మొదలయ్యాక వేస్తే అంతగా పనిచేయదు. తల తిరిగితే గదిలో పడుకోబెట్టకుండా ఆరుబయట డెక్ మీదకి తీసుకొచ్చి, దూరంగా ఆకాశం, సముద్రం కలిసేచోటు చూడమను.

పోర్టు ఛార్జీలు, టిప్పులు టికెట్‌లో కలిశాయో లేదో ముందే రాయించుకో. శ్రీకాకుళం నుంచి అదే రోజు బయల్దేరి టెన్షన్ పడొద్దు, ముందురోజే విశాఖ చేరండి. చెన్నై నుంచి ఆమదాలవలసకి (శ్రీకాకుళం రోడ్ స్టేషన్) తిరుగు రైలు టికెట్ ఇప్పుడే చూసుకో.