అమ్మానాన్నలతో బ్యాంకాక్ వెళ్తున్నారా? గోలీల డబ్బా సూట్‌కేసులో పెట్టకండి

దేవరకొండ నుంచి అమ్మానాన్నలను తీసుకుని ఐదు రోజులు బ్యాంకాక్ వెళ్తున్నామని, నాన్నగారికి షుగర్, బీపీ రెండూ ఉన్నాయని, ఏం జాగ్రత్తలు తీసుకోవాలని అడిగారు. మాది మిర్యాలగూడ. రెండేళ్ల కింద మా నాయిన, అమ్మతో ఇదే ట్రిప్పు వేశాం. మేం చేసిన తప్పులే ముందు చెప్తాను.

శంషాబాద్ నుంచి మూడున్నర గంటల ప్రయాణం. మేం దిగాం గానీ మా పెద్ద సూట్‌కేసు దిగలేదు. రేపు సాయంత్రం హోటల్‌కే పంపిస్తామన్నారు. బట్టల సంగతి ఎట్లాగో చూసుకోవచ్చు. కానీ నాయిన గోలీలన్నీ మా అమ్మ సకినాల స్టీలు డబ్బాలో సర్ది ఆ సూట్‌కేసులోనే పెట్టింది. డబ్బాలో అయితే నలగవని ఆమె లెక్క. నాయిన చొక్కా జేబులో మాత్రం ఒక స్ట్రిప్పు ముక్క దొరికింది. మన షాపుల్లో కత్తెరతో కత్తిరించి ఇస్తారు కదా, పేరున్న భాగం ఎప్పుడో పోయింది.

హోటల్ పక్క ఫార్మసీలో బ్రాండు పేరు చెప్తే ఆ అమ్మాయికి అర్థం కాలేదు. మా అక్క ఇంట్లో బీరువా వెతికి డాక్టర్ చీటీ ఫొటో వాట్సాప్ చేసింది. ఆ రాత నాకే అర్థం కాదు, ఆమెకేం అర్థమవుతుంది! చివరికి మా వీధి మందుల షాపాయనకు ఫోన్ చేసి అసలు మందుల పేర్లు చెప్పించుకున్నాం. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, ఆమ్లోడిపిన్. కాగితం మీద అవి రాసి చూపిస్తే ఆమె వెంటనే తలూపింది.

కాబట్టి మీ డాక్టర్‌తో మందు అసలు పేరు, మోతాదు టైపు చేయించి సంతకం పెట్టించుకోండి. గోలీలు కత్తిరించని స్ట్రిప్పుల్లో, ట్రిప్పు రోజులకంటే నాలుగైదు రోజులకు ఎక్కువే తీసుకుని హ్యాండ్ బ్యాగులో పెట్టండి. ఇన్సులిన్ అయితే చెకిన్ లగేజీలో అసలే వేయొద్దు, చలికి గడ్డకడితే ఇక పనికిరాదు.

రెండో దెబ్బ మూడో రోజు తగిలింది. నాయిన టిఫిన్‌కు ముందు షుగర్ గోలీ వేసుకున్నాడు, అంతలో వ్యాను వచ్చేసింది. దారిలో తిందాంలే అని ఎక్కేశాం. గ్రాండ్ ప్యాలెస్‌లో నాయినకు చెమటలు పట్టాయి. పాలమూరు ఎండల్లో బస్సులు నడిపిన మనిషి, ఉక్కపోతేమో అనుకున్నాం. నీళ్ల బాటిల్ మూత తిప్పబోతే వేళ్లు వణుకుతున్నాయి. షుగర్ మీటర్‌లో చూస్తే 58, బాగా పడిపోయింది. మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూశాం, 91కి వచ్చింది. గ్లూకోజు పొడి అమ్మ హ్యాండ్ బ్యాగులో ఉండటం మా అదృష్టం. ప్లేటు ముందుకొచ్చేదాకా ఆ గోలీ చేతికివ్వకండి, గైడు ఎంత తొందరపెట్టినా సరే.

నీళ్ల గురించి నల్లగొండ జిల్లా వాళ్లకు ఒకరు చెప్పాలా? ఫ్లోరైడ్ బాధ చూసి పెరిగినవాళ్లం. సీల్ ఉన్న బాటిలే తాగాం. కానీ రోడ్డు పక్క జ్యూస్‌లో ఐస్ సంగతి మర్చిపోయాం, ఆ రాత్రంతా నేను బాత్రూమ్‌లోనే. ఓఆర్‌ఎస్ పాకెట్లు తీసుకెళ్లండి. అవి లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలగొట్టి కొలవండి. ఇది మీకు, పిల్లలకు. నాన్నగారి సంగతి మాత్రం డాక్టర్‌ని ముందే అడిగి పెట్టుకోండి.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు షుగర్, బీపీ దాచకండి. ప్రీమియం కాస్త పెరగొచ్చు. దాస్తే క్లెయిమ్ దగ్గర అదే సాకు అవుతుంది. మా బామ్మర్ది పట్టాయాలో స్కూటీ అద్దెకు తీసుకుందామన్నాడు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ లేదు, పైగా షాపువాడు పాస్‌పోర్టు తాకట్టు అడిగాడు. వద్దన్నాను, రెండు రోజులు మాట్లాడలేదు నాతో.

అంబులెన్సుకు 1669, టూరిస్టు పోలీసులకు 1155. ఈ నంబర్లు నాన్నగారి ఫోన్‌లో సేవ్ చేసి, థాయ్ అక్షరాల్లో అడ్రస్ ఉన్న హోటల్ కార్డు ఆయన జేబులో పెట్టండి. మా నాయిన మార్కెట్లో తప్పిపోయి, ఆ కార్డు చూపించి, టాక్సీలో మాకంటే ముందే హోటల్ చేరుకున్నాడు.