పాప టెస్సా వుల్లార్ట్‌లా అవుతానంటోంది... పంపమంటారా?

ప్రశ్న: మేం ఏడేళ్లుగా బెల్జియంలో, లూవెన్‌లో ఉంటున్నాం. మావారిది చిప్ డిజైన్ ఉద్యోగం. మా పాపకి 13 ఏళ్లు. ఇక్కడి డచ్ మీడియం స్కూల్లో సెకండరీ రెండో ఏడాది చదువుతోంది. చిన్నప్పుడు సరదాగా ఫుట్‌బాల్‌లో చేర్పించాం, ఇప్పుడు దానికి అదే లోకం అయిపోయింది. వచ్చే ఏడాదికి టాప్‌స్పోర్ట్ స్కూల్ (చదువుతో పాటు ఆటలో ట్రైనింగ్ ఇచ్చే స్కూల్) సెలక్షన్‌కి పంపమని కోచ్ అంటున్నాడు. పాప గదినిండా బెల్జియం ఫుట్‌బాల్ స్టార్ టెస్సా వుల్లార్ట్ ఫొటోలే. నేనూ తనలాగే అవుతానంటుంది. మావారేమో ‘ఇంటర్ వయసుకి హైదరాబాద్ వెళ్లిపోయి ఐఐటీ కోచింగ్‌లో చేర్పిద్దాం’ అంటున్నారు. మా అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా ‘ఆడపిల్లకి కాళ్లు విరగ్గొట్టుకునే ఆటలెందుకు?’ అని అడుగుతారు. వీళ్లందరి మధ్య నాకు నిద్ర పట్టడం లేదు. ఇందులో నిజంగా కెరీర్ ఉందా?

జవాబు: అమ్మా, ముందు మీ టెన్షన్ కొంచెం తగ్గించే మాట చెబుతాను. ఈ ఏడాది మీరు తేల్చాల్సింది వచ్చే రెండేళ్లు పాప ఏ స్కూల్లో చదవాలన్నది ఒక్కటే. ప్రొఫెషనల్ ప్లేయర్ అవుతుందా లేదా అన్నది 16 ఏళ్లప్పుడు కొంత, 18 దాటాక మరికొంత తెలుస్తుంది. అన్నీ ఇప్పుడే తేల్చేయాలనుకోవడం వల్లే ఇంట్లో తలా ఒక వైపు లాగుతున్నారు.

పాప టెస్సా పేరు చెప్పింది కాబట్టి ఆమె కెరీర్‌నే దగ్గరగా చూద్దాం. ఫొటోలు చూసే పిల్లలకి కప్పులు, గోల్స్ కనిపిస్తాయి. తల్లిదండ్రులు చూడాల్సింది ఏ వయసులో ఎక్కడుంది, అక్కడికి ఎందుకు వెళ్లింది అన్నది.

1993లో పశ్చిమ ఫ్లాండర్స్‌లోని (ఫ్లాండర్స్ అంటే బెల్జియంలో డచ్ మాట్లాడే ప్రాంతం) టీల్ట్ అనే చిన్న పట్టణంలో పుట్టింది. టీనేజీలో ఆడింది ఇంటికి దగ్గర్లోని జుల్టె వారెగెమ్ క్లబ్‌కి. ఆ తర్వాత ఆండర్‌లెక్ట్, అక్కణ్ణుంచి స్టాండర్డ్ లీజ్. అంటే 22 ఏళ్లు వచ్చేదాకా దేశం దాటలేదు. బెల్జియం ఎంత చిన్న దేశమో మీకు తెలుసు, ఈ ఊళ్లన్నీ రైల్లో కొద్ది గంటల దూరమే. 2015లో జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్ పిలిచింది. అప్పటికి యూరప్‌లో మహిళల ఫుట్‌బాల్‌లో అంతకంటే పెద్ద క్లబ్‌లు ఒకటో రెండో. మూడేళ్లు ఉండి జర్మన్ లీగ్ బుండెస్‌లిగా, జర్మన్ కప్పు గెలిచిన జట్టులో భాగమైంది. కానీ అది ప్రపంచ స్థాయి ఫార్వర్డ్‌లతో (గోల్స్ కొట్టే ముందు వరస ప్లేయర్లతో) నిండిన జట్టు. సొంత దేశంలో స్టార్ అయినా అక్కడ మొదటి పదకొండు మందిలో చోటు కోసం ప్రతి వారం పోటీ పడాల్సిందే. 2018లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ సిటీకి వెళ్లింది, ఎఫ్‌ఏ కప్పు గెలిచింది. అక్కడా అదే పోటీ.

అసలు విషయం దాని తర్వాత ఉంది. 2020లో, 27 ఏళ్ల వయసులో, ఇంగ్లండ్ వదిలి తిరిగి ఆండర్‌లెక్ట్‌కి వచ్చేసింది. పైనుంచి చూస్తే వెనకడుగు. పెద్ద లీగ్ నుంచి చిన్న లీగ్‌కి, పెద్ద పేరున్న క్లబ్ నుంచి సొంత దేశం క్లబ్‌కి. కానీ ఇక్కడ వారం వారం పూర్తి మ్యాచ్ ఆడింది, గోల్స్ కొట్టింది, లీగ్ గెలిచింది. 2022లో మళ్లీ కదిలింది. ఈసారి బెల్జియం సరిహద్దుకి ఆనుకునే ఉన్న డచ్ క్లబ్ ఫోర్టునా సిట్టార్డ్‌కి. అప్పుడే కొత్తగా కడుతున్న మహిళల జట్టు అది. అక్కడ రెండేళ్లు బాగా ఆడాక, 31 ఏళ్ల వయసులో ఇటలీ నుంచి ఇంటర్ మిలాన్ తలుపు తట్టింది. చాలామంది ప్లేయర్లు రిటైర్మెంట్ గురించి ఆలోచించే వయసులో ఆమెకి పెద్ద క్లబ్ దొరికింది.

దేశం తరఫున ఆమె బెల్జియం చరిత్రలోనే అత్యధిక గోల్స్ చేసిన ప్లేయర్, కెప్టెన్. బెల్జియంలో ఉత్తమ ప్లేయర్‌కి, పురుషులకి 1954 నుంచి ఇస్తున్న గోల్డెన్ షూ అవార్డుని మహిళలకి 2016లో మొదలుపెట్టినప్పుడు మొట్టమొదట అందుకున్నది ఆమే. అయితే ఆ పక్కన ఇది కూడా రాసుకోండి: బెల్జియం మహిళల జట్టు ఒక పెద్ద టోర్నమెంట్‌కి తొలిసారి వెళ్లింది 2017 యూరోకి, అంటే యూరప్ దేశాల కప్పుకి. 2019 ప్రపంచకప్‌కి అర్హత ప్లేఆఫ్‌లో స్విట్జర్లాండ్ అడ్డుపడింది, 2023 ప్రపంచకప్‌కి ప్లేఆఫ్‌లో పోర్చుగల్ ఓడించింది. అన్ని గోల్స్ చేసిన మనిషికి ఆ రెండు ప్రపంచకప్‌లూ అందకుండా పోయాయి. 2025 యూరోలో ఇటలీ, స్పెయిన్ చేతుల్లో ఓడి బయటికి వెళ్లడం ఖాయమైపోయాక పోర్చుగల్‌తో మూడో మ్యాచ్ మిగిలింది. దానివల్ల వచ్చేదేమీ లేదు. ఆ మ్యాచ్ మొదలైన కొద్ది నిమిషాలకే 32 ఏళ్ల టెస్సా గోల్ కొట్టింది. ఇంజురీ టైమ్‌లో 36 ఏళ్ల జానిస్ కేమన్ గెలుపు గోల్ కొట్టింది. ఆ మ్యాచ్ పాపతో కూర్చుని మీరు కూడా ఒకసారి చూడండి. ఈ వృత్తిలో ఎలాంటి మనస్తత్వం కావాలో నేను వివరించేదానికంటే బాగా అర్థమవుతుంది.

కేమన్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీవారికి నచ్చే దారి అది. ఆమె అమెరికా వెళ్లి ఫ్లోరిడాలో చదువుకుంటూ కాలేజీ జట్టుకి ఆడింది. తర్వాత యూరప్‌కి తిరిగొచ్చి, ఫ్రాన్స్‌లో ఎదిగి, లియాన్ జట్టుతో యూరప్ మేటి క్లబ్‌లు ఆడే ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. బెల్జియంకి అత్యధిక మ్యాచ్‌లు ఆడిన ప్లేయర్ ఆమే. ఇద్దరూ ఒకే జట్టులో ఏళ్ల తరబడి ఆడారు గానీ, వచ్చిన దారులకి పోలికే లేదు.

ఇక డబ్బు సంగతి. దాచకుండా చెబుతాను. ప్రపంచ ప్లేయర్ల సంఘం ఫిఫ్‌ప్రో 2017లో చేసిన సర్వేలో మహిళా ప్లేయర్లలో సుమారు సగం మందికి క్లబ్ నుంచి జీతమే లేదని తేలింది. జీతం వచ్చేవాళ్లలో కూడా ఎక్కువమందికి నెలకి 600 డాలర్లు దాటలేదు. అప్పటినుంచి పరిస్థితి మెరుగైంది. 2021 నుంచి ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిబంధనల్లో ప్రసూతి సెలవు 14 వారాలు, ఆ కాలంలో కనీసం మూడింట రెండు వంతుల జీతం అని వచ్చింది. అయినా బెల్జియం లీగ్‌లో ఇవాళ్టికీ చాలామంది చదువో ఉద్యోగమో చేసుకుంటూనే ఆడుతున్నారు. మగపిల్లల ఫుట్‌బాల్‌లో కనిపించే కోట్లు మనసులో పెట్టుకుని లెక్కలు వేయకండి. టెస్సా స్థాయికి వెళ్లినవాళ్లు బాగానే బతుకుతారు, ఆ స్థాయికి వెళ్లేవాళ్లు చాలా తక్కువ. అందుకే చదువు వదిలేయమని ఏ సెలక్షన్‌లో ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను.

అదృష్టం ఏమిటంటే, మీరున్న చోట చదువు వదలాల్సిన పనే లేదు. మీవారు ఇక్కడి చదువు పద్ధతిని హైదరాబాద్ కళ్లతో చూస్తున్నారనిపిస్తోంది. ఫ్లాండర్స్‌లో సెకండరీ మూడో ఏడాదిలో కోర్సు ఎంచుకోవాలి. యూనివర్సిటీకి దారితీసే కోర్సుని ఇక్కడ దోర్‌స్ట్రోమ్ అంటారు. అందులో లెక్కలు గట్టిగా ఉన్నది తీసుకుని సెకండరీ డిప్లొమా పూర్తిచేస్తే, ఇంజినీరింగ్‌తో సహా యూనివర్సిటీలో చాలా కోర్సులకి ర్యాంకులతో పనిలేకుండా సీటు వస్తుంది. మెడిసిన్, డెంటల్ లాంటి కొన్నింటికే ఎంట్రన్స్. సీటు తేలికే, మొదటి ఏడాది పాసవడం కష్టం. ఆ మాట కూడా మీవారికి చెప్పండి. లూవెన్ యూనివర్సిటీలో టాప్‌స్పోర్ట్ హోదా ఉన్న విద్యార్థులకి పరీక్షల తేదీలు మార్చుకునే వీలుంది. అదే యూనివర్సిటీలో ఫిజియోథెరపీ, క్రీడా శాస్త్రాలకి మంచి విభాగం ఉంది. ఆటని ప్రేమించే పిల్లలు రేపు ఏ కారణంగా ఆగిపోయినా ఆట చుట్టూ ఉన్న పనుల్లో స్థిరపడడానికి అవి పనికొస్తాయి.

టాప్‌స్పోర్ట్ స్కూల్లో సిలబస్ తగ్గదు. మామూలు స్కూల్ చదువే, టైమ్‌టేబుల్లో ట్రైనింగ్ గంటలు కలిపి ఉంటాయి. చేరాలంటే ఫుట్‌బాల్ సమాఖ్య ద్వారా హోదా రావాలి. ఒకసారి వస్తే శాశ్వతం కాదు, మళ్లీ మళ్లీ చూస్తారు. కాబట్టి కోచ్‌ని మీరు అడగాల్సింది ‘మా పాప అంత బాగా ఆడుతుందా’ అని కాదు. ఆ మాట ఆయన ఇప్పటికే చెప్పాడు. హోదా పోతే ఏడాది మధ్యలో ఏ స్కూలుకి వెళ్లాలి, అక్కడ ఇదే కోర్సు ఉంటుందా, ఇంటి నుంచి వెళ్లి రావచ్చా లేక బోర్డింగా అని అడగండి. లెక్కలు ఎక్కువున్న కోర్సు అక్కడ దొరక్కపోతే నేనైతే మామూలు స్కూల్లోనే ఉంచి, మంచి క్లబ్‌లో ఆడించమంటాను. 13 ఏళ్ల పిల్లకి అబ్బాయిల జట్టులో కలిసి ఆడే అవకాశం ఉంటే అదీ తక్కువదేం కాదు. ఇక్కడ అది మామూలే, చాలామంది జాతీయ స్థాయి అమ్మాయిలు అలా ఆడుతూ గట్టిపడ్డవాళ్లే.

జూన్ చివర్లో వచ్చే రిపోర్ట్ మీద ఉండే అక్షరం మీకు తెలిసే ఉంటుంది. ఏ వస్తే పై క్లాసు, బి వస్తే పై క్లాసే గానీ కొన్ని కోర్సులు మూసుకుపోతాయి, సి వస్తే పై క్లాసుకి వెళ్లకుండా ఆగిపోవడం. పాపతో ఒక ఒప్పందం చేసుకోండి: ఏ వచ్చినంత కాలం ఆటకి అడ్డు చెప్పం, బి వస్తే కూర్చుని మాట్లాడుకుందాం. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. ‘చదువు పాడవుతోంది’ అని రోజూ అనడం కంటే ఇది పిల్లకి స్పష్టంగా ఉంటుంది.

మీవారి హైదరాబాద్ ఆలోచనని నేను కొట్టిపారేయను. ఇక్కడ నాలుగో ఏడాది ముగిసేసరికి పాపకి దాదాపు 16. ఇంటర్‌లో చేరే వయసూ అదే. అంటే ఇప్పటినుంచి రెండేళ్లు మూడో, నాలుగో ఏడాదులు ఇక్కడే చదివి, అప్పుడు నిర్ణయం తీసుకుంటే ఆయన ప్రణాళికకి ఏ నష్టమూ లేదు. కాకపోతే ఏడేళ్లుగా డచ్‌లో లెక్కలు నేర్చుకున్న పిల్లని నేరుగా ఇంటర్ కోచింగ్‌లో కూర్చోబెడితే ఏమవుతుందో ఆయన్ని నిదానంగా ఆలోచించమనండి. సర్టిఫికెట్ల ఈక్వలెన్స్ ముందే చూసుకోవాలి. ఇంకొకటి, 18 ఏళ్లు నిండని ప్లేయర్ ఒక దేశం క్లబ్ నుంచి మరో దేశం క్లబ్‌కి మారడాన్ని ఫిఫా మామూలుగా ఒప్పుకోదు. ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణాలతో తల్లిదండ్రులు మారితే, మరికొన్ని పరిస్థితుల్లో మినహాయింపులు ఉన్నాయి. వెళ్లి ఆడుకుని, నచ్చకపోతే ఒంటరిగా తిరిగొచ్చేయవచ్చు అనుకుంటే కుదరకపోవచ్చు. అక్కడా ఆట ఉంది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ భారత జట్టుకి ఆడింది, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కీ ఆడింది. భారత మహిళల జట్టు 2026 ఆసియా కప్‌కి అర్హత కూడా సాధించింది. కానీ ఐఐటీ కోచింగ్ టైమ్‌టేబుల్‌తో పాటు ఆ ఆట సాగదు.

చాలామంది తల్లిదండ్రులు ఆలస్యంగా పట్టించుకునే విషయం పాస్‌పోర్ట్. బెల్జియం జట్టుకి ఆడాలంటే బెల్జియం పౌరసత్వం ఉండాలి. ఐదేళ్ల చట్టబద్ధ నివాసం, భాష, ఉద్యోగం లాంటి షరతులు తీరితే మీరు దరఖాస్తు చేయవచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరికి వస్తే, ఇక్కడే ఉంటున్న మైనర్ పిల్లకీ వస్తుంది. కానీ ఆ రోజుతో ఇండియన్ పాస్‌పోర్ట్ పోతుంది. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత మూలాలవారికి ఇచ్చేది) వస్తుంది గానీ, ఓసీఐతో భారత జట్టుకి ఆడలేరు. ఇది పాప ఫుట్‌బాల్ కోసం తీసుకునే నిర్ణయం కాకూడదు, కుటుంబం మొత్తానిది. అయినా 16 ఏళ్లకి జూనియర్ జట్టు పిలుపు వచ్చాక కంగారు పడేకంటే, మీరిద్దరూ ఈ ఏడాదే దీని గురించి మాట్లాడుకోవడం మంచిది.

మీ అత్తగారి భయాన్ని తేలిగ్గా తీసేయకండి. మోకాలి లోపలి ఏసీఎల్ అనే లిగమెంట్ తెగే ప్రమాదం మగ ప్లేయర్లతో పోలిస్తే ఆడవాళ్లకి రెండు మూడు రెట్లు ఎక్కువని వైద్యులు చెబుతారు. తెగితే మళ్లీ మైదానంలోకి రావడానికి తొమ్మిది నెలలో ఏడాదో పడుతుంది. పొడవు పెరిగే ఈ వయసులో మరింత జాగ్రత్త అవసరం. ఫిఫా 11 ప్లస్ అనే వార్మప్ ఉంది, ఇరవై నిమిషాలు. పరుగు, గెంతడం, ఒంటికాలి మీద నిలబడటం, దూకి మోకాళ్లు లోపలికి వంగకుండా దిగడం. క్రమం తప్పకుండా చేస్తే గాయాలు తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. ఒకరోజు ట్రైనింగ్‌కి పది నిమిషాలు ముందే వెళ్లి, అది నిజంగా చేయిస్తున్నారో లేదో మీ కళ్లతో చూడండి. చేయించకపోతే కోచ్‌ని మొహమాటం లేకుండా అడగండి. తర్వాత అత్తగారికి ఫోన్ చేసి, ‘అత్తయ్యా, మోకాలికి ఇలా జాగ్రత్త తీసుకుంటున్నారు’ అని వివరంగా చెప్పండి. ఆవిడ అడిగిన ప్రశ్న సరైనదే.

ఇక మీకో సూచన. మీ ఊరి ఓహెచ్ లూవెన్ అమ్మాయిలు 2025లో తొలిసారి దేశ టైటిల్ గెలిచి ఛాంపియన్స్ లీగ్ ఆడారు. ఒక మ్యాచ్‌కి పాపతో పాటు మీవారిని కూడా తీసుకెళ్లండి. మ్యాచ్ అయ్యాక గ్రౌండ్ పక్కన ప్లేయర్లు కనిపిస్తే ఒకర్ని ‘మీరు ఇంకేం చదువుతున్నారు?’ అని పాపనే అడగమనండి.

సెలక్షన్‌కి పంపండి. ఫలితం వచ్చాక, ఆ స్కూల్లో ఉన్న కోర్సుల జాబితా, పాప ఈ ఏడాది లెక్కల మార్కులు నాకు రాసి పంపండి. మూడో ఏడాదికి ఏది తీసుకోవాలో అవి చూశాకే చెప్పగలను.