ఒకే మాలిక్యూల్, ఒకే ద్రావణం: మొబిలిటీలో ఇంత తేడా ఎందుకొస్తోంది?

మీ ప్రశ్న: టిప్స్-పెంటసీన్ (ద్రావణంగా పూసి ఆరబెట్టే సేంద్రియ సెమీకండక్టర్) ద్రావణం ఒకే సీసాలోంచి తీసి, ఒకే రోజు చేసిన ట్రాన్సిస్టర్లలో ఒకటి 0.5 మొబిలిటీ (ఛార్జ్ ఎంత సులువుగా కదులుతుందో చెప్పే కొలత, యూనిట్ cm²/Vs) ఇస్తే పక్కది 0.01 దగ్గరే ఆగింది, మెటీరియల్ పాడైందా అని. దాన్ని అనుమానించే ముందు చిప్‌ని పోలరైజ్డ్ మైక్రోస్కోప్ (స్ఫటికం దిక్కుని బట్టి వెలుగు మారి కనిపించేది) కింద పెట్టి చూశారా? నేను మూడు నెలలు చూడలేదు.

హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు నాదీ ఇదే గోల. టోలుయీన్ (మెటీరియల్‌ని కరిగించే ద్రావకం) మార్చాను, వేఫర్ (కింద ఉండే సిలికాన్ పలక) మార్చాను, ఆఖరికి మెటీరియల్ కూడా కొత్తది తెప్పించాను. ఒకరోజు మా సీనియర్ అక్క వచ్చి, చిప్‌ని మైక్రోస్కోప్ కింద పెట్టి స్టేజి మెల్లగా తిప్పింది. పొడుగాటి స్ఫటికాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. ఇంకాస్త తిప్పితే అన్నీ కలిసే ఆరిపోయాయి. అంటే అన్నీ ఒకే దిక్కుకి పడుకున్నాయన్నమాట. "ఏసీ గాలి ఎటు నుంచి వస్తోంది?" అంది. తలెత్తి చూస్తే సరిగ్గా నా బల్ల మీదికే. మే నెల, దాన్ని ఆపే ధైర్యం ఎవరికుంది! గాలి తగిలే అంచున టోలుయీన్ ముందు ఆరిపోతోంది, స్ఫటికాలు అక్కడ పుట్టి అవతలి అంచు వైపు పెరుగుతున్నాయి. సోర్స్ నుంచి డ్రెయిన్‌కి దారి (ట్రాన్సిస్టర్‌లో ఛార్జ్ బయల్దేరే కొన నుంచి చేరే కొన దాకా, దీన్నే ఛానెల్ అంటారు) ఆ స్ఫటికాల పొడవు వెంట ఉన్న డివైస్‌లు బాగున్నాయి, అడ్డంగా పడ్డవి చచ్చుగా ఉన్నాయి.

సిలికాన్‌లో పరమాణువులు గట్టి బంధాలతో అల్లుకుని ఉంటాయి. ఇక్కడ, అంటే సేంద్రియ స్ఫటికాల్లో, మాలిక్యూళ్లు ఒకదానికొకటి ఊరికే ఆనుకుని ఉంటాయి, ఛార్జ్ ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి దాటాలి. సంక్రాంతికి ధూల్‌పేటలో పతంగి వెనక పరిగెత్తే పిల్లల్ని చూడండి. గోడలు కలిసిన డాబాల మీద అలా దాటుకుంటూ పోతారు, మధ్యలో గల్లీ వస్తే ఆగిపోతారు. మామూలు పెంటసీన్‌లో మాలిక్యూళ్లు చేపముల్లులా ఏటవాలుగా కూర్చుంటాయి. టిప్స్ గుంపులు (పెంటసీన్‌కి రెండు పక్కలా అతికించే లావుపాటి రసాయన కొమ్మలు) తగిలిస్తే అలా కూర్చోలేక, మేస్త్రీ ఇటుకలు పేర్చినట్టు ఒక్కొక్కటీ కింది రెండింటి మీదా కొంత కొంత ఆని కూర్చుంటాయి. దూరం ఒక్కటే కాదు, ఎంత పక్కకి జరిగి కూర్చున్నాయన్నదీ ముఖ్యమే. దగ్గరగానే ఉన్నా, జరుగుడు సరిగ్గా పడకపోతే ఆర్బిటాళ్లలోని (మాలిక్యూల్‌లో ఎలక్ట్రాన్ల అలలు) ప్లస్సులూ మైనస్సులూ కొట్టేసుకుని దారి మూసుకుపోతుంది. నాకు ఇది బుర్రకెక్కడానికి చాలా రోజులు పట్టింది.

దూరం మాటకొస్తే, 2011లో స్టాన్‌ఫర్డ్‌లో ఝెనాన్ బావ్ బృందం ఇదే టిప్స్-పెంటసీన్ ద్రావణాన్ని బ్లేడుతో లాగుతూ ఆరబెట్టి, మాలిక్యూళ్ల మధ్య దూరాన్ని 3.33 నుంచి 3.08 ఆంగ్‌స్ట్రామ్‌లకు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటర్లో వెయ్యి కోట్లవ వంతు) తగ్గించింది. మొబిలిటీ 0.8 నుంచి 4.6కి పెరిగింది. దిక్కు సంగతికి రుబ్రీన్ అనే ఇంకో సేంద్రియ సెమీకండక్టర్ ఉంది: 2004లో ఒకే స్ఫటికాన్ని తిప్పి తిప్పి కొలిస్తే బి-అక్షం వెంట 15.4, ఏ-అక్షం వెంట 4.4 వచ్చింది. అందుకే ఛానెల్ దిక్కు చెప్పకుండా "ఈ మెటీరియల్ మొబిలిటీ ఇంత" అనేవాళ్లని నేను పెద్దగా నమ్మను.

ఇంకో మాట. మైక్రోస్కోప్‌లో ఫిల్మ్ ముచ్చటగా కనిపించిందని మురిసిపోకండి. ఛార్జ్ నడిచేది ఆక్సైడ్‌ని (ఫిల్మ్ కింద ఉండే ఇన్సులేటర్ పొర) ఆనుకున్న అడుగు రెండు మూడు పొరల్లోనే. ఉపరితలం సరిగ్గా శుభ్రం కాకపోతే పైన అందం, కింద గందరగోళం. ఛానెల్ మధ్యలో గ్రెయిన్ బౌండరీ (రెండు స్ఫటికాలు కలిసే అంచు) పడినా అంతే, అది మన గల్లీ.

ప్రస్తుతానికి చిప్‌ని మూడు నాలుగు డిగ్రీలు వాల్చి, ఛానెల్ దారి వాలు వెంట ఉండేలా పెట్టండి. చుక్క వేశాక పక్కనే కాస్త టోలుయీన్ ఉంచి, పెట్రీ డిష్ బోర్లించి, మెల్లగా ఆరనివ్వండి. ఏసీకి దూరంగా. ఆ మంచి డివైస్, చెత్త డివైస్ రెండింటి ఫోటోలూ, ఛానెల్ దిక్కుకి బాణం గుర్తేసి, ఇక్కడ పెడితే చూసి చెప్తాను.