ఆర్థరైటిస్ ఉన్న పిల్లలకు పొద్దున్నే చేతులు ఎందుకు బిగుసుకుంటాయి?

మునుగోడు నుంచి ఒక నాన్న అడిగారు: ఎనిమిదేళ్ల పాపకు జువెనైల్ ఆర్థరైటిస్ (పిల్లల్లో వచ్చే కీళ్ల వాపు జబ్బు) అన్నారు, పొద్దున గుండీలు పెట్టుకోలేదు, బడిలో రాత వెనకబడింది, వాళ్లమ్మకు నిద్ర లేదు, ఏం చేయాలి అని.

ముందు ఒక మాట, ఇది ఫ్లోరైడ్ నీళ్ల వల్ల కాదు. మన నల్లగొండలో కీళ్ల నొప్పి అనగానే నీళ్లనే తిడతాం గానీ, ఇది ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ల మీదే తిరగబడటం. 16 ఏళ్లలోపు మొదలై, కనీసం 6 వారాలు ఉండి, వేరే కారణం దొరక్కపోతేనే ఈ పేరు పెడతారు. మీరు పెట్టిన తిండి వల్లా కాదు.

రాత్రంతా కదలిక లేక వాచిన కీలు బిగుసుకుపోతుంది, అందుకే పొద్దున గుండీ పెట్టలేని పిల్ల మధ్యాహ్నం చక్కగా ఆడుకుంటుంది, టీచర్‌కేమో అది నాటకంలా కనిపిస్తుంది. వెళ్లి చెప్పండి. లేవగానే గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టి మెల్లగా వేళ్లు ఆడించాలి, లావు పెన్ను ఇవ్వాలి. అన్నం మాత్రం తననే కలుపుకోనివ్వండి, జాలిపడి తినిపిస్తే వేళ్లకు పని పోతుంది. ఈ జబ్బుకిచ్చే మెథోట్రెక్సేట్ అనే మందు డాక్టర్ రాస్తే సాధారణంగా వారానికి ఒక్కసారే, రోజూ కాదు. కన్ను ఎర్రబడకపోయినా కంటి పరీక్షలు మానొద్దు, లోపలి వాపు బయటికి తెలియకుండానే చూపు దెబ్బతీస్తుంది.

పిల్ల నొప్పి పెరిగితే తల్లిదండ్రుల టెన్షన్ పెరగడం మామూలే. ఈసారి హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో రుమటాలజీకి (కీళ్ల జబ్బుల విభాగానికి) పాపను మీరే తీసుకెళ్లండి, వాళ్లమ్మను పడుకోనివ్వండి. రెండు వారాలైనా దిగులు తగ్గకపోతే ఆమెనూ డాక్టర్‌కు చూపించండి.